గూడబాతుల ఫోటోకి ఎడమ పక్క

ఈమధ్య ఒక కుర్ర మేష్టారు నన్ను చూడడానికి వచ్చాడు. కుర్ర అంటే మరీ కుర్రేం కాదు, ముప్పై ఏడేళ్ళు. బడి, ఇల్లు, పిల్లల జ్వరాలు, వీటి మధ్య తన వయొలిన్ అటకెక్కిందనీ, నలభై దగ్గర పడుతోంటే ఏదో పోగొట్టుకుంటున్నట్టు ఉందనీ చెప్పుకొచ్చాడు. "మీరు ఉద్యోగం చేస్తూనే అంత గొప్ప ఫోటో తీశారు కదండీ, మీకెలా కుదిరిందండీ?" అని అడిగాడు. నేను పనిచేసిన హైస్కూల్లో హెడ్మాస్టరు కుర్చీ వెనక ఆ ఫోటో ఇప్పటికీ వేలాడుతోంది. ఆకాశం నిండా గూడబాతులు, కింద తాటితోపు. చూసినవాళ్ళంతా ఆహా అంటారు.

అతనికి కాఫీ ఇప్పించి, పట్టుదల, సమయపాలన అంటూ నాలుగు చిలకపలుకులు పలికి పంపేశాను. అతను గేటు దాటాక నామీద నాకే అసహ్యం వేసింది. ఆ ఫోటో ఎలా కుదిరిందో చెప్పవలసింది, చెప్పలేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. చదివి నన్ను తిట్టుకోదలచుకున్న వాళ్ళు తిట్టుకోవచ్చు, నేను అడ్డు చెప్పను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను తాడేపల్లిగూడెం బోర్డు హైస్కూల్లో లెక్కలు, సైన్సు చెప్పేవాణ్ణి. వయస్సు ముప్పై ఎనిమిది. ఇంట్లో నలుగురు పిల్లలు, మంచం దిగలేని మా అమ్మ, ఒక పాడిగేదె. పొద్దున్న అయిదింటికి వీధరుగు మీద ఎస్సెస్సెల్సీ పిల్లలకు లెక్కలు, తరవాత గేదెకు చిట్టు, అమ్మకు మందు, పదింటికి బడి. సాయంత్రం బడి నుంచి వస్తూ కూరలు, వచ్చాక దిద్దాల్సిన లెక్కల పుస్తకాల కట్ట. ఇరవై అయిదేళ్ళప్పుడు నాకు మూడు సరదాలుండేవి. రెండో పిల్లాడు పుట్టిన ఏడు వయొలిన్ తీగ తెగింది, మళ్ళీ వేయించలేదు. నాతో చదరంగం ఆడే గుమాస్తాకు ఏలూరు బదిలీ అయింది. ఇక మిగిలింది ఒక పాత మడత కెమెరా. ఏలూరులో ఒక స్టూడియో ఆయన సెకండ్ హ్యాండ్‌లో ఇచ్చాడు.

మా ఆవిడ ఆ కెమెరాను సవతి అనేది. "ఏవండీ, నా సవతిని తుడిచిన ఆ మెత్తటి గుడ్డతోనే ఈ పిల్లాడి ముక్కు కూడా ఓసారి తుడవండి," అని నవ్వేది. నేను నవ్వేవాణ్ణి కాను. ఆ ఏడు నాకు కళ్ళజోడు వచ్చింది, చెవుల పక్క జుట్టు తెల్లబడింది. నాకంటూ ఏం మిగులుతుంది, మార్కుల రిజిస్టర్లేనా అని ఒకటే కోపంగా ఉండేది. ఎవరిమీద అంటే చెప్పలేను. అన్నం ఆలస్యమైతే ఆవిడ మీద, వర్గమూలం తప్పితే కుర్రాళ్ళమీద. ఇంట్లోవాళ్ళు నా అడుగుల చప్పుడు విని మాటలు ఆపేసేవారు. ఆ వయస్సులో మగవాళ్ళకు వచ్చే ఈ రోగాన్ని ఎవరూ రోగం అనరు, మేష్టారు స్ట్రిక్టు అంటారు.

ఒక వారపత్రిక వాళ్ళు ఫోటోల పోటీ పెట్టారు. నలభై వచ్చేలోగా ఒక్కటంటే ఒక్క మంచి ఫోటో తీయాలని పట్టుకుంది నాకు. మా డ్రిల్లు మేష్టారు ఒకాయన ఉండేవారు. మనిషి బలంగా, నోరు అంతకంటే బలంగా ఉండేది. ఆయనే అన్నారు, "ఊరికే గుడిగోపురాలు తీస్తే ఎవడు చూస్తాడు గురూగారూ? గూడబాతుల ఊరికి పదండి," అని.

ఆ ఊరు మాకు ఏడెనిమిది మైళ్ళు, కాలవ గట్టున సైకిలు మీద పోవాలి. దీపావళి వెళ్ళాక ఎక్కడినుంచో వందల కొద్దీ గూడబాతులు వచ్చి అక్కడి తాటిచెట్ల మీద గూళ్ళు పెడతాయి. కొల్లేటికి పోయి మేసి వస్తాయి. గద్దకంటే పెద్ద పిట్ట, ముక్కు కింద సంచి. తాటిమట్టల మధ్య కూర్చుంటే చెట్టుకు తలపాగా చుట్టినట్టు ఉంటుంది. ఆ ఊళ్ళో వాటిని పురిటికి వచ్చిన ఆడపిల్లలు అంటారు. అవి వచ్చాయంటే ఊళ్ళో టపాకాయ పేలదు, పెళ్ళిలో డప్పు కూడా ఊరి బయటే ఆపేస్తారు. గూడున్న చెట్టు ఎవరూ ఎక్కరు. చెట్ల కింద రాలిన రెట్టను పోగుచేసి చేలకు వేసుకుంటారు, కాబట్టి భక్తిలో కొంచెం వ్యవసాయం కూడా ఉంది.

ఆ ఊరి పెద్దాయన నన్ను ఎంతో గౌరవంగా చూశారు. వాళ్ళ ఊరి కుర్రాళ్ళు పదిమంది మా హైస్కూల్లో చదువుతున్నారు. వాళ్ళకు తాడేపల్లిగూడెంలో గది కుదిర్చిపెట్టి, పొద్దున్నే ఊరికే లెక్కలు చెబుతోంది నేనే. "మీ ఇల్లే అనుకోండి మేష్టారూ, ఎన్ని ఫోటోలైనా తీసుకోండి. పిట్టల్ని అదలించకండి, అంతే," అన్నారు.

ఆ తోపులోనే ఒక గీత మనిషి ఉండేవాడు. అప్పట్లో మద్యనిషేధం. కల్లు గీయకూడదు, సున్నం పూసిన ముంతల్లో పులియని నీరా దించి తాటిబెల్లం కాచుకోవడానికి మాత్రం లైసెన్సు ఇచ్చేవారు. అతను ఆ బెల్లం మీదే బతికేవాడు. సరిగ్గా గీతకు అదను వచ్చేసరికి పక్షులు వచ్చి మంచి చెట్లన్నీ ఆక్రమించుకుంటాయి. మిగిలిన పోతుచెట్లు, అంటే కాయ కాయని తాళ్ళు, పదో పదకొండో, అవే అతనికి దిక్కు. నేను మొదటి ఆదివారం వెళ్ళినప్పుడు చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని నా పక్కన నిలబడి, "ఈటికేవండి, మారాణులు. పురుడు ఈటికి, పత్తెం నాకండి," అని నవ్వాడు. ఊళ్ళో వాళ్ళందరితోనూ ఆ మాటే అనేవాడట. ఆ నవ్వులాటే అతని కొంప ముంచింది.

మూడు ఆదివారాలు పోయాను. పన్నెండు ఫోటోల రోలు, మూడుసార్లూ వృథా. గూడబాతు కూర్చుందంటే కూర్చున్నదే. ఒకటి లేస్తే ఒకటి వాలుతుంది. నాకు కావలసింది మొత్తం గుంపు ఒక్కసారిగా లేచిన ఆకాశం. ఇంటి దగ్గర అమ్మకు ఆయాసం, గేదె ఈనడానికి సిద్ధంగా ఉంది, పోటీ గడువు పదిరోజులు. నాలుగో శనివారం స్టాఫ్ రూములో డ్రిల్లు మేష్టారు నా ముఖం చూసి, జేబులోంచి దీపావళికి మిగిలిన తాటాకు టపాకాయ తీసి బల్లమీద పెట్టారు. "ఒక్కటి చాలు గురూగారూ. రెండు నిమిషాల్లో మళ్ళీ వచ్చి కూర్చుంటాయి," అన్నారు. నేను సైన్సు మేష్టార్ని. రెండు నిమిషాల్లో ఏం జరుగుతుందో ఆలోచించవలసిన వాణ్ణి నేను. దాన్ని తీసి జేబులో వేసుకున్నాను.

ఆదివారం పొద్దున్న మంచు విడుతున్న వేళకు నేనూ డ్రిల్లు మేష్టారూ తోపు చేరాం. వాళ్ళ మేడ మీదనుంచి తీస్తానని పెద్దాయనతో చెప్పి, మేడ ఎక్కకుండా కాలవ గట్టుకు పోయాం. చుట్టుపక్కల ఎవరూ లేరు, అనుకున్నాను. వత్తి నా చేత్తో నేనే అంటించాను. డ్రిల్లు మేష్టారు అంటిస్తానన్నారు, కానీ ఆయన తొందరపడితే ఫోటో పోతుందని నా భయం. అంటించి, పరుగెత్తుకెళ్ళి, కెమెరా ఎత్తిపట్టాను. చప్పుడయింది. తోపు తోపంతా ఒక్కసారి లేచింది. రెక్కల హోరుకు నా చొక్కా కదిలింది. మీట నొక్కాను. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఇప్పుడు తలచుకుంటే చెంప పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

రెండు నిమిషాల్లో దిగలేదు అవి. పైన తిరుగుతూనే ఉన్నాయి. ముందు కాకులు వచ్చాయి. కాకులకు చెప్పి పిలిచినట్టే వచ్చాయి. గూళ్ళలో గుడ్లు పగలదీసి తిన్నాయి. లేచేటప్పుడు తల్లుల కాళ్ళు తగిలి పిల్లలు కింద పడ్డాయి. ఇంకా ఈకలు రాని పిల్లలు, నల్లగా, బరువుగా, దభీమని. ఊరు ఊరంతా బయటికి వచ్చింది. ఆడవాళ్ళు కొంగుల్లో పిల్లల్ని ఏరుకుంటున్నారు. పెద్దాయన చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి, నన్ను చూసి, "అయ్యో మేష్టారూ, మీరేం జడుసుకోలేదు కదండీ?" అని అడిగారు. నేను తల అడ్డంగా ఊపాను. ఆ ఊపిన తలను మళ్ళీ సరిచేసుకునే ధైర్యం నాకు రాలేదు.

అంతలో ఎవరో ఆ గీత మనిషిని తోపులోంచి తీసుకొచ్చారు. నడుముకు మోకు, చేతిలో ముంత, ఇంకేం కావాలి? పిట్టలు పోతే చెట్లు దక్కేది వాడికే కదా అన్నాడొకాయన. మారాణులని ఏడవలేదూ అన్నాడు ఇంకొకాయన. మధ్యాహ్నానికి పెద్దాయన అరుగు మీద అందరూ చేరారు. మాకు కుర్చీలు వేశారు, మజ్జిగ ఇచ్చారు. మజ్జిగ తాగాం కూడా.

"ఏరా, ఎందుకు కాల్చావ్?" అని అడిగారు పెద్దాయన.

"నేను సెట్టు మీదున్నానండి బాబూ. ముంతలు దింపుకుంటన్నానండి," అన్నాడతను.

"చూసిందెవరు?"

"నన్నెవరు సూత్తారండి? నాకే అందరూ కనపడతారండి పైనుంచి," అన్నాడు. అని నావైపు చూశాడు.

"ఏం కనపడింది?"

అతను నడుము మోకు సర్దుకున్నాడు. డ్రిల్లు మేష్టారు గ్లాసులోకి చూస్తున్నారు. "సెప్తే నమ్ముతారేంటండి," అన్నాడు చివరికి. అంతే, ఇంక నోరు విప్పలేదు.

వాణ్ణి కొట్టలేదు, తిట్టలేదు. ఆ ఊరి మర్యాద అలాంటిది. తప్పు ఒప్పుకుని కాగితం ఇవ్వాలి, ఇక ఆ ఊరి చెట్టు ఎక్కకూడదు, అన్నారు. అతనికి తెలిసిన పని చెట్టెక్కడమొకటే. అది విని అరుగు కింద నిలబడ్డ అతని భార్య నోట్లో కొంగు కుక్కుకుంది. అప్పుడు పెద్దాయన నావైపు తిరిగి, "కాగితం మీరు రాసిపెట్టండి మేష్టారూ. మీరు రాస్తే పద్ధతిగా ఉంటుందండి," అని కాగితం, కలం నా చేతికిచ్చి పక్కన కూర్చున్నారు.

అప్పుడైనా చెప్పి ఉండచ్చు. ఒక్క మాట. అప్పుడు చెప్పి ఉంటే మహా అయితే ఏమయ్యేది? హెడ్మాస్టరుకు కబురు వెళ్ళేది, మందలింపు వచ్చేది, ఊళ్ళో నవ్వేవారు. ఇవన్నీ ఇప్పుడు లెక్క కట్టగలను. అప్పుడు నాకు కనపడిందల్లా కెమెరాలో ఉన్న ఫోటో. చెబితే అది పంపడానికి ఉండదు. అదండీ నేను ఆడిన బేరం. గూళ్ళ కాలంలో టపాకాయ కాల్చి పక్షులకు అపకారం చేశాననీ, తప్పు ఒప్పుకుంటున్నాననీ, ఇకపై ఈ ఊరి చెట్టు ఎక్కననీ, అతని పేరుతో రాశాను. ఒక్క అక్షరం వంకర పోలేదు. పెద్దాయన చూసి, "ముత్యాల్లా ఉన్నాయండీ," అన్నారు. అతను వేలిముద్ర వేశాడు. లేస్తూ నాకు నమస్కారం పెట్టాడు. వెక్కిరింపుకో, అలవాటుకో నాకు ఇప్పటికీ తెలియదు.

తిరిగి వస్తోంటే డ్రిల్లు మేష్టారు, "మన్నేం అడగలేదు కదా, మనమెందుకు చెప్పాలి?" అన్నారు. నేను సైకిలు ఆపి ఆయన్ని చెడామడా తిట్టాను. ఆయనను తిట్టడం చాలా హాయిగా ఉంది. ఇంటికొచ్చాక, ఆలస్యమయిందేమని అడిగినందుకు మా ఆవిడ మీద అరిచాను. గేదె ఈనిందని చెప్పడానికి వచ్చిన పిల్లను కసిరాను. ఆ రోజు నా నోటిలోంచి రాకుండా పోయిన కోపం ఒక్కటే, రావలసిన చోట రావలసినది.

మర్నాడు సెలవు పెట్టి రైల్లో ఏలూరు వెళ్ళాను. స్టూడియో ఆయన ఫిల్ము కడిగి, పెద్ద ప్రింటు తీసి, తడిగా ఉండగానే నా ముందు పెట్టి, "ఎంత బాగా వచ్చిందండీ!" అన్నాడు. నిజంగానే వచ్చింది. నేను కోరుకున్న ఆకాశం అదే. కానీ ఎడమ పక్క, గూళ్ళు లేని ఒక పోతుచెట్టు మీద, మట్టల కింద, మోకు కట్టుకుని ఒక మనిషి ఉన్నాడు. చీమంత. అయినా మనిషేనని తెలుస్తోంది. ఆ చెట్టుకూ కాలవ గట్టుకూ మధ్య తోపు మొత్తం ఉంది. చప్పుడైన ఆ ఘడియలో అతను చెట్టు మీదే ఉన్నాడని చెప్పడానికి ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. నేను తీసిన ఫోటోయే సాక్ష్యం.

"ఆ ఎడమ పక్క ఏదో మచ్చలా ఉందండీ. ఒక అంగుళం కోసేస్తే పిట్టలు ఇంకా నిండుగా కనపడతాయండి," అన్నాడు స్టూడియో ఆయన. పాపం, ఆయనకేం తెలుసు? బ్లేడు పెట్టబోతుంటే ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. కాసేపు అలాగే పట్టుకున్నాను. తరవాత వదిలేశాను. రెండు ప్రింట్లు తీయించుకున్నాను, ఒకటి కోసినది, ఒకటి కోయనిది. కోసినది పత్రికకు పోయింది.

మొదటి బహుమతి వచ్చింది. పత్రికలో పేజీ నిండా వేశారు. హెడ్మాస్టరు ప్రార్థన దగ్గర నా మెడలో దండ వేసి, ఉద్యోగానికీ సరదాకూ సమన్వయం అంటే ఇదీ అని అరగంట ఉపన్యాసం ఇచ్చారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ ఊరి కుర్రాళ్ళు పదిమందీ ముందు వరసలో నిలబడి అందరికంటే గట్టిగా కొట్టారు. నేను దండ తీసి బల్లమీద విసిరేస్తే, వినయం అనుకున్నారు. ఆ రోజుల్లో నేనేం చేసినా జనం మంచిగానే అనుకునేవారు. దానికి కూడా నాకు మండిపోయేది.

ఆ ఆదివారమే కోయని ప్రింటు తీసుకుని ఊరికి వెళ్ళాను. పెద్దాయన ముందు పెట్టి, టపాకాయ నేనే కాల్చానండీ, చూడండి, అతను చెట్టు మీదున్నాడు, అని గబగబా చెప్పేశాను. ఆయన కోపంతో లేచి నన్ను మెడపట్టి గెంటుతారనుకున్నాను. గెంటితే బావుండునని కూడా అనుకున్నాను. ఆయన ఫోటో వంక తేరిపార చూసి, కళ్ళజోడు తీసి, తుడుచుకున్నారు.

"మాకా రోజే తెలుసండీ," అన్నారు మెల్లగా. "మీరు కాగితం రాస్తోంటే మీ చేతులు టపాకాయ మందు వాసన కొట్టాయండి. పక్కనే కదండీ నేను కూచుంది."

"తెలిసి నాచేత ఎందుకు రాయించారండీ?" అని అడిగాను.

"ఎవరో ఒకరు ఒప్పుకోవాలి కదండీ మరి. లేకపోతే వచ్చే ఏడు ప్రతీవాడూ కాలుస్తాడు. మీచేత ఒప్పించమంటారా? మా కుర్రాళ్ళు పదిమంది మీ చేతిలో ఉన్నారండి. వాడు కాకపోతే ఇంకోడు గీస్తాడు. మీలాంటి మేష్టార్ని మేమెక్కణ్ణించి తెచ్చుకుంటామండీ?"

అరిచాను. ఏం అరిచానో గుర్తులేదు. మీరు మనుషులేనా అన్నానని మాత్రం గుర్తు. నేను అరవడం అయ్యాక ఆయన, "అరవండి, మీకు ఆ హక్కుందండి," అన్నారు. అతణ్ణి పిలిపించండి, అందరి ముందూ చెబుతాను అన్నాను. "ఎక్కడున్నాడండీ? పెళ్ళాం బిడ్డల్ని తీసుకుని మెట్టకు పోయాడు. జంగారెడ్డిగూడెం వైపంటారు, మాకు కచ్చితంగా తెలియదు," అన్నారు. లేచి వస్తుంటే వీధి దాకా సాగనంపి, "కుర్రాళ్ళ మీద మాత్రం కోపం పెట్టుకోకండి మేష్టారూ," అన్నారు.

ఆ వేసవి సెలవుల్లో జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల నాలుగు రోజులు తిరిగాను. గీత మనిషి ఎవరు కనపడ్డా ఆపి అడిగాను. నాలుగు రోజులే. అయిదో రోజు బస్సెక్కి వచ్చేశాను, ఎందుకంటే దొరికితే ఏం చెప్పాలో అప్పటికీ నాకు తెలియలేదు. కెమెరాను ఆ నెలే అమ్మేశాను. ఎందుకమ్మారని మా ఆవిడ అడిగితే తీరిక లేదన్నాను. అందరూ నమ్మారు. నలభై వచ్చేస్తోంది కదా అన్నారు.

ఆ పదిమందికీ లెక్కలు చెప్పాను. ముందుకంటే శ్రద్ధగా చెప్పాను. తొమ్మిదిమంది పాసయ్యారు. వాళ్ళలో ఇంజనీరు ఒకడు, తాసీల్దారు ఒకడు, మేష్టర్లు ఇద్దరు. ఎక్కడ కనపడినా వంగి నమస్కారం పెట్టి, "మీరు లేకపోతే మేమెక్కడుండేవాళ్ళమండీ," అంటారు. వాళ్ళు అలా అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది, వాళ్ళమీద కాదు. నేనక్కడ ఉండడం కోసం ఎవరు లేకుండా పోయారో వాళ్ళకు తెలియదు.

ఇందులో ఎవరి పేరూ రాయలేదు. హెడ్మాస్టరుది, డ్రిల్లు మేష్టారుది, పెద్దాయనది, అన్నీ మర్యాదకు దాచాను. గీత మనిషి పేరు మాత్రం రాద్దామని రెండుసార్లు కలం పెట్టి, రెండుసార్లూ తీసేశాను. ఆ పేరు నేను నా జీవితంలో ఒక్కసారే రాశాను. రాసిన చోట దాని పక్కన "తప్పు ఒప్పుకుంటున్నాను" అని ఉంది, అది నా చేతిరాత.